పుంజు పాపం, తలా పిడికెడు

2017 జనవరి 28న చైనీయుల కొత్త సంవత్సరం వచ్చింది. వాళ్ల లెక్కలో అది కోడిపుంజు సంవత్సరం. సింగపూర్‌లో ఎటు చూసినా పుంజు బొమ్మలే. పండగ సందడి ఇంకా తగ్గకముందే ఒక వార్త బయటికొచ్చింది. సిన్ మింగ్ అవెన్యూ 452 నుంచి 454 బ్లాకుల దగ్గర, పక్కనే ఉన్న థామ్సన్ వ్యూ కాండో చుట్టుపక్కల స్వేచ్ఛగా తిరిగే 24 కోళ్లను ప్రభుత్వ సంస్థ ఏవీఏ పట్టి చంపించిందని. అంతకుముందు ఏడాది ఆ ప్రాంతం నుంచి 20 ఫిర్యాదులు అందాయని, ఎక్కువ భాగం చప్పుడు గురించేనని సంస్థ చెప్పింది.

ఊరు భగ్గుమంది. పుంజు సంవత్సరంలో పుంజుల్ని చంపుతారా అని ఎగతాళి చేశాం. పొద్దున్నే కూత విని నిద్రలేచే అదృష్టాన్ని లాగేసుకున్నారని బాధపడ్డాం. పత్రికలకు ఉత్తరాలు రాశాం. సంస్థకు దయ లేదన్నాం, అధికారులకు గుండె లేదన్నాం. ఆ కోపమంతా నిజమైనదే. కాకపోతే ఒక్క సంగతి వదిలేశాం. ఆ 20 ఫిర్యాదులు చేసింది ఎవరు? ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు కాదు. మన అంతస్తులోనో, పై అంతస్తులోనో ఉండేవాళ్లే. మనతో పాటు లిఫ్ట్ ఎక్కేవాళ్లే. చంపమని దారి చూపిన నోరూ మనదే, ఎందుకు చంపారని నిలదీసిన నోరూ మనదే. మధ్యలో వల పట్టుకుని వెళ్లిన ఉద్యోగిని మాత్రం మనవాడు కాదన్నట్టు మాట్లాడాం.

ఆ తర్వాత నడిచిన వాదన ఇంకా చిత్రం. మొదట చప్పుడు అన్నారు, తర్వాత బర్డ్ ఫ్లూ ముప్పు అన్నారు, మాట ఎందుకు మార్చారని కోడిగుడ్డు మీద ఈకలు పీకాం. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే విషయం పార్లమెంటుకు వెళ్లింది. రెండేళ్లలో అక్కడి కోళ్లు 20 నుంచి 50 దాటాయని, వాటిని వేరేచోటికి తరలించడానికి చోటు దొరకడం కష్టమని సహాయమంత్రి కో పో కూన్ చెప్పారు. చోటు లేకపోవడం నిజమే. పాతిక కోళ్లకు చోటు లేని దేశమా అని మనం నవ్వుకున్నదీ నిజమే. అయితే ఈ గొడవలో అసలు ప్రశ్న ఎవరి నోటా రాలేదు. అవి అడవికోళ్లు కావని ఏవీఏ తేల్చి చెప్పింది. అంటే పెంపుడు జాతి. పెంపుడు జాతి కోడి దానంతటదే పుట్టుకురాదు. ఏదో ఒక తరంలో ఎవరో కొన్నారు, ఎవరో పెంచారు, ఎవరో వదిలేశారు. ఆ ఎవరో ఎవరని అడిగితే వేలు తిరిగి మన వైపే వస్తుందని లోపల తెలుసు కాబట్టే అడగలేదు.

సింగపూర్‌లో కోళ్లు పెంచుకోవడం నేరం కాదు. ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో కుదరదు గానీ, సొంత పెరడున్న ఇళ్లలో పదికి మించకుండా పెంచుకోవచ్చు. అయినవాళ్ల పెరట్లో నాలుగు పెట్టలు తిరుగుతుంటే చూసి ముచ్చటపడని తెలుగువాడు ఉండడు. అమ్మమ్మగారి ఊరు గుర్తొస్తుంది. పిల్లలకు గుడ్డు ఎక్కణ్ణుంచి వస్తుందో చూపించవచ్చనిపిస్తుంది. మందులు వేయని గుడ్డు, పచ్చసొన నిజంగా పసుపుగా ఉండే గుడ్డు. అందరి కోరికా ఒకటే: పెట్టలు కావాలి. పుంజు కావాలని అడిగేవాడు ఒక్కడూ ఉండడు. పుంజు గుడ్డు పెట్టదు, కూస్తుంది.

ఇక్కడే లెక్క తప్పుతుంది. పక్షుల్లో పిల్ల ఆడో మగో తేల్చేది తల్లి. పుంజుకు ఉండే లింగ క్రోమోజోములు రెండూ ఒకే రకం, పెట్టకు రెండు వేర్వేరు రకాలు. గుడ్డులోకి ఏది చేరితే అదే పిల్ల రాత. అందుకే పొదిగిన గుడ్లలో సగం అటూ సగం ఇటూ. ఏ తవుడు వేసినా, ఏ దేవుడికి మొక్కినా ఆ సగం మారదు. నాలుగు పెట్టలు కావాలనుకున్నవాడి కోసం ఈ లోకంలో ఎక్కడో నాలుగు పుంజులు కూడా పుట్టి తీరతాయి. మన పెరట్లో పుట్టకపోతే అమ్మినవాడి దగ్గర పుడతాయి. మనం ఆ నాలుగింటి సంగతి అడగం.

పైగా పిల్ల చిన్నప్పుడు ఆడామగా చెప్పడం అందరివల్లా అయ్యే పని కాదు. ఒకరోజు వయసు పిల్ల మలద్వారం దగ్గర ఉండే చిన్న బొడిపెను చూసి తేల్చే పద్ధతిని 1920ల్లో జపాన్ శాస్త్రవేత్తలు మసుయి, హషిమోతో ప్రపంచానికి చెప్పారు. ఆ విద్య నేర్చిన జపాన్ నిపుణుల్ని 1930ల్లో అమెరికా హ్యాచరీలు పిలిపించుకున్నాయి. చేయి తిరిగినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూసి, నూటికి 98 సరిగ్గా చెప్పగలరు. కొన్ని సంకరజాతుల్లో పుట్టిన రోజే నూగు రంగును బట్టి, ఇంకొన్నింటిలో రెక్క ఈకల పొడవును బట్టి తెలుస్తుంది. ఇదంతా పెద్ద హ్యాచరీల వ్యవహారం. ముచ్చటకు పెంచి అమ్మే చిన్న వ్యాపారి దగ్గర ఈ విద్య ఉండదు. నెలన్నర పిల్లను చూపించి "ఇది పెట్టే" అంటాడు. తురాయి కాస్త ఎర్రగా ఉందేమిటంటే, జాతి అంతే అంటాడు. సిల్కీ లాంటి నూగు జాతుల్లో అయితే అయిదారు నెలలు వచ్చేదాకా పెంచేవాడికే నమ్మకంగా తెలియదు. ఆయన మోసం చేశాడని తర్వాత తిట్టుకుంటాం. తనకు తెలియదని ఆయన చెప్పకపోవడం ఎంత తప్పో, తెలియకుండా పోయే అవకాశం ఉందని మనం అడగకపోవడం అంతే తప్పు.

మూడు నాలుగు నెలలు గడిచేసరికి నడుము మీద వాడి ఈకలు వస్తాయి. తోక వంపు తిరుగుతుంది. ఓ తెల్లవారుజామున గొంతు పగిలిన కూత ఒకటి వినపడుతుంది. వారం తిరిగేసరికి గొంతు కుదురుకుంటుంది. బెల్జియం పరిశోధకులు 2018లో కొలిచి చూస్తే, కూసే పుంజు చెవి దగ్గర శబ్దం 140 డెసిబెల్స్ దాటింది. నోరు బాగా తెరిచినప్పుడు దాని చెవి రంధ్రం కొంత మూసుకుపోతుందని కూడా వాళ్లే చెప్పారు. తన చెవిని కాపాడుకునే ఏర్పాటు పుంజుకుంది, పక్కింటాయనకు లేదు. వెలుతురు తగలకుండా గూటికి దుప్పటి కప్పితే ఊరుకుంటుందేమోనన్న ఆశ కూడా నిలవదు. కూతను నడిపేది పుంజు లోపలి గడియారమని, మార్పు లేని మసక వెలుతురులో ఉంచినా వేళకు కూస్తుందని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో తేల్చారు. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను చూసి తరతరాలుగా నవ్వాం. తెల్లవారినా కోడి కూయకూడదని పట్టుబట్టిన మనల్ని చూసి నవ్వేవాళ్లు లేరు.

ఆ తర్వాత జరిగేది ఎవరూ బయటికి చెప్పరు. మెడకు పట్టీ కడతారు. రాత్రిపూట అట్టపెట్టెలో పెట్టి స్టోర్‌రూంలో ఉంచుతారు. పక్కింటివాళ్లకు గుడ్లు పంచి కొన్నాళ్లు నెట్టుకొస్తారు. ఎవరైనా తీసుకుంటారా అని తెలిసినవాళ్లందరినీ అడుగుతారు. తీసుకునేవాళ్లు ఉండరు, ఎందుకంటే అందరి దగ్గరా ఉన్నది అదే సమస్య. కోసుకుని తినడానికి మనసొప్పదు, పిల్లలు దానికి పేరు పెట్టేశారు. చివరికి ఎవరో ఒకరు రాత్రివేళ పెట్టెను కారు డిక్కీలో పెట్టుకుని పార్కు వైపు వెళతారు. పెంపుడు జంతువును వదిలేస్తే 10,000 సింగపూర్ డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు, లేదా రెండూ పడవచ్చని చట్టం చెబుతోంది. వదిలిన చేతులకు మాత్రం దానికి స్వేచ్ఛ ఇచ్చామన్న తృప్తి. పార్కులో అది బతుకుతుందా, కుక్క పాలవుతుందా, కొండచిలువ నోట పడుతుందా అన్నది ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తుకు రాదు.

పార్కుకు చేరాక అది మనందరి పుంజు అవుతుంది. పాసిర్ రిస్ లాంటి చోట ఆదివారం పొద్దున్నే చూడండి. పిల్లల చేత గుప్పెడు బియ్యం వేయించి ఫొటోలు తీసుకునేవాళ్లలో మన తెలుగు కుటుంబాలూ ఉంటాయి. మేత దొరికిన చోట కోళ్లు పెరుగుతాయి. కోళ్లు పెరిగిన చోట కూతలు పెరుగుతాయి. కూతలు పెరిగిన చోట ఫిర్యాదులు పెరుగుతాయి. మేత వేసిన చేయి, ఫిర్యాదు నొక్కిన వేలు ఒక్కోసారి ఒకే ఇంటివి కూడా కావచ్చు. ఆదివారం ఎనిమిదింటికి ముద్దొచ్చిన పుంజు, సోమవారం నాలుగున్నరకు శత్రువు.

నష్టం అక్కడితో ఆగదు. లోకంలోని కోళ్లన్నిటికీ మూలపురుషుడైన ఎర్ర అడవికోడికి సింగపూర్ సొంత గడ్డ. పులావ్ ఉబిన్‌లోనూ, పడమటి అడవుల్లోనూ అది ఇంకా బతికే ఉంది. బూడిదరంగు కాళ్లు, కిందికి వాలిన తోక, చెవి దగ్గర తెల్లమచ్చ దాని గుర్తులు. మనిషి కోడిని మచ్చిక చేసుకున్నది కూడా ఈ ప్రాంతానికి మరీ దూరంగా కాదు. థాయిలాండ్‌లోని బాన్ నోన్ వాట్ దగ్గర దొరికిన దాదాపు 3,500 ఏళ్ల నాటి ఎముకలే పెంపుడు కోడికి ఇప్పటివరకు దొరికిన తొలి ఆనవాళ్లని 2022లో పరిశోధకులు ప్రకటించారు. అలాంటి అడవికోడికి ఇవాళ పెద్ద ముప్పు మనం వదిలేసిన పెంపుడు పుంజులతో జరిగే సంకరం. దయ చూపామనుకుని వదిలిన పుంజు, వేల ఏళ్లుగా ఉన్న ఒక జాతిని లోపలి నుంచి కరిగించేస్తుంది. మనకు స్వేచ్ఛలా కనిపించింది ఇంకొకరి వంశానికి ఎసరు.

ఇంతవరకు చదివి "మాకు పెరడూ లేదు, కోళ్లూ లేవు, ఈ పాపం మాకు అంటదు" అనుకునేవాళ్లు మనలో ఎక్కువమంది. సింగపూర్ జనంలో పదిమందికి దాదాపు ఎనిమిది మంది హెచ్‌డీబీ ఇళ్లలోనే ఉంటారు. మన తెలుగువాళ్లలోనూ ఫ్లాట్లు, కాండోలే ఎక్కువ. అయితే ఫ్రిజ్ తలుపు తెరిచి చూడండి. గుడ్ల ట్రే ఉంటుంది. ఇక్కడ మనిషి సగటున తినేది రోజుకొక గుడ్డుకు అటూ ఇటూగా. కొన్ని స్థానిక ఫారాల నుంచి, మిగతావి మలేసియా వంటి దేశాల నుంచి వస్తాయి. ఏ దేశపు గుడ్డయినా దాన్ని పెట్టిన పెట్టకు ఒక అన్నో తమ్ముడో పుట్టాడు. వాడు ఏమయ్యాడు?

పాతకాలపు ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబుండేది. ఒకే కోడి గుడ్డూ పెట్టేది, కూరా అయ్యేది. పుంజు పిల్ల పెరిగితే పండక్కి పనికొచ్చేది. ఇరవయ్యో శతాబ్దం నడుమ గుడ్ల కోడి వేరు, మాంసం కోడి వేరు అయిపోయాయి. మాంసం జాతిలో ఆడామగా రెండూ పెరుగుతాయి. గుడ్ల జాతి పుంజు మాత్రం గుడ్డు పెట్టదు, ఒళ్లూ చేయదు. తిన్న దాణా ఖర్చు కూడా తిరిగి రాదు. అందుకని పుట్టిన రోజునే, బొడిపె చూసి వేరుచేసిన వెంటనే, యంత్రంలో వేసో, గాలి ఆడకుండా చేసో చంపేస్తారు. ప్రపంచం మొత్తం మీద ఇలా చనిపోయే పుంజుపిల్లలు ఏటా దాదాపు 700 కోట్లని అంచనా. సిన్ మింగ్‌లో 24 కోళ్ల కోసం ఉత్తరాలు రాశాం. ఈ లెక్కకు ఒక్క పోస్ట్‌కార్డు ముక్క కూడా రాయలేదు. వీటికి కూత వచ్చే వయసే రాదు కాబట్టి ఎవరి నిద్రా చెడలేదు, ఎవరి మనసూ చెడలేదు.

మన ఊళ్లలో ఇదే వ్యవహారానికి రంగు పూశాం. గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగులద్దిన కోడిపిల్లల్ని గంపలో పెట్టుకుని వీధుల్లో, జాతర్లలో అమ్మేవాళ్లు గుర్తున్నారా? పది రూపాయలకు రెండు. అవి ఎక్కువగా గుడ్ల జాతి హ్యాచరీలు వద్దనుకున్న పుంజుపిల్లలే. రెండు మూడు రోజులకు చచ్చిపోయేవి. పిల్లలు ఏడ్చేవాళ్లు, పెద్దలు మళ్లీ రెండు కొనిచ్చేవాళ్లు. ఒక జీవితం ఎవరికీ అక్కర్లేకపోతే ఎంత చవకో మన పిల్లలకు నేర్పిన తొలి పాఠం అదే. గుడ్ల ఉత్పత్తిలో ముందు వరసలో ఉన్నామని తెలుగు రాష్ట్రాలుగా గర్వపడతాం. ఆ వరసలో పుట్టిన మగపిల్లల లెక్క మాత్రం ఎక్కడా చెప్పుకోం.

మరి పుంజును నెత్తిన పెట్టుకున్న సంస్కృతి కదా మనది, పల్నాటి కథలోనే కోడిపందెం ఉంది కదా, కాకి, డేగ, నెమలి అని రంగుకొక పేరు పెట్టి, జాతకం చూసి, బాదంపప్పు పెట్టి పెంచిన జాతి కదా మనది అంటారా? ఆ గౌరవం చివరికి తీసుకెళ్లేది బరిలోకే. కాలికి కత్తి కట్టిన క్షణం నుంచి ఆ పుంజు ఆయుష్షు నిమిషాల లెక్క. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వద్దన్నా, 1974 నాటి జూద నిరోధక చట్టం వద్దన్నా, సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. 2017 సంక్రాంతికి అక్కడ బరుల్లో నెత్తురోడిన పుంజులకూ, ఆ తర్వాత ఇక్కడ వార్తకెక్కిన 24 కోళ్లకూ మధ్య ఎక్కువ రోజుల దూరం లేదు. ఇక్కడి వార్త చూసి బాధపడిన మనం అక్కడి వీడియోలు చూసి ఈలలు వేశాం. పుంజు మనకు పందెంలోనో పులుసులోనో ముద్దు. బతికి, ముసలిదై, తన మానాన తాను కూసే పుంజుకు మన సంస్కృతిలోనూ పెద్ద చోటేమీ లేదు.

ఇంకో చేదు సంగతి ఉంది. పుట్టబోయే బిడ్డ ఆడా మగా ముందే తెలుసుకుని, అక్కర్లేని బిడ్డను రాకుండా చేసిన సమాజం మనది. 1994లో దానికి చట్టం తేవలసి వచ్చింది. మనిషి ప్రాణాన్నీ కోడి ప్రాణాన్నీ ఒక తక్కెడలో వేయడం నా ఉద్దేశం కాదు. వేసే ప్రశ్న మాత్రం ఒకటే: మనకు ఎంతవరకు పనికొస్తావు? అక్కడ ఆడపిల్లను వద్దన్నాం, ఇక్కడ మగపిల్లను వద్దంటున్నాం. పనికొచ్చినంత మేరకే ప్రాణానికి చోటిచ్చే అలవాటు ఒక దగ్గర నేర్చుకుంటే ఇంకో దగ్గర మానుకోవడం కష్టం.

ఇరుగుపొరుగు విషయంలో మన తీరు కూడా చూసుకోవాలి. 2011లో ఈ ఊళ్లో ఒక కూర గొడవ నడిచింది. చైనా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి పక్కింటి భారతీయ కుటుంబం వండే కూర వాసన పడదని చెప్పడం, మధ్యవర్తుల సమక్షంలో, వాళ్లు ఇంట్లో లేనప్పుడే కూర వండుకునేలా ఒప్పందం కుదరడం పత్రికకెక్కింది. ఎంత కోపం వచ్చిందో! ఆగస్టు 21న అందరూ కూర వండాలని పిలుపునిస్తే వేలమంది వండారు. చైనీయులు, మలయ్‌లు, మనవాళ్లు కలిసి వండారు. మన తాళింపు ఘాటును పక్కింటివాళ్లు భరించాలన్నది ఆ రోజు మన న్యాయం. మంచి న్యాయమే. ఆరేళ్లు తిరక్కుండా, పక్కింటివాళ్లకు ఇష్టమైన కూత మన చెవికి పడకపోతే ఆ న్యాయం ఎటు పోయింది? ఒకసారి తలుపు తట్టి మాట్లాడామా? 1998 నుంచి ఇరుగుపొరుగు మధ్యవర్తిత్వ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఎదుటిమనిషి ముఖం చూడాలి. ఫోన్‌లో ఫిర్యాదు పంపితే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. ఆ సుఖం కోసమే ఫిర్యాదు చేస్తున్నాం. యజమాని లేని కోడి అయితే ఇంకా సుఖం, అది జవాబు చెప్పదు.

దారి లేకకాదు మనం ఇలా ఉన్నది. జర్మనీ 2022 జనవరి 1 నుంచి పుంజుపిల్లల్ని చంపడాన్ని నిషేధించింది. ఫ్రాన్స్ ఆ తర్వాత ఏడాదికి అదే దారి పట్టింది. గుడ్డులో ఉండగానే ఆడామగా తేల్చి, పుంజు గుడ్లను పిల్ల బయటికి రాకముందే పక్కకు తీసే యంత్రాలు అక్కడ వచ్చాయి. అలా వచ్చిన పెట్టల గుడ్లు 2018లోనే బెర్లిన్ దుకాణాల్లో అమ్మకానికి పెట్టారు. అన్నదమ్ముల్ని కూడా పెంచి, ఆ ఖర్చును గుడ్డు ధరలో కాస్త కలిపి అమ్మేవాళ్లూ అక్కడ ఉన్నారు. అంతదూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా జాతి గుడ్డుకూ కూరకూ రెండిటికీ పనికొస్తుంది. పెరట్లో పెంచడానికే దాన్ని తయారుచేశారు. అందులో పుంజుపిల్ల పుడితే రైతు నెత్తిన చేయి పెట్టుకోడు. అంటే దారి తెలిసినవాళ్లు మన పక్కనే ఉన్నారు. గుడ్డుకు నాలుగు పైసలు ఎక్కువైనా సరే అనే కొనుగోలుదారులు లేరు. మనమే లేం.

ఈ తప్పును ఏ ఒక్క శాఖ మీదా, ఏ ఒక్క వ్యాపారి మీదా వేసి చేతులు దులుపుకోలేం. ఏవీఏ 2019 ఏప్రిల్‌లో రద్దయి, దాని జంతువుల బాధ్యత నేషనల్ పార్క్స్ బోర్డుకు వెళ్లింది. పేరు మారింది, చేతులు మారాయి. మనం ఇచ్చే ఆదేశం మారలేదు. పెట్టలు కొన్నప్పుడు పుంజుల సంగతి అడగలేదు, అది ఒక పిడికెడు. అట్టపెట్టెలో తీసుకెళ్లి వదిలినవాళ్లను చూసీ చూడనట్టున్నాం, అది ఒక పిడికెడు. ముద్దుకు మేత వేశాం, నిద్రకు ఫిర్యాదు చేశాం, చంపాక కన్నీరు కార్చాం, ఆ సాయంత్రమే చికెన్ రైస్ తిన్నాం. పిడికెడు పిడికెడు కలిస్తే ఎంతవుతుందో లెక్క మన దగ్గరే ఉంది.

చేయగలిగింది చాలానే ఉంది, గొప్ప పనులేమీ కావు. పెరట్లో కోళ్లు కావాలనుకునేవాళ్లు పిల్లల్ని కొనకండి, ముచ్చటకని గుడ్లు పొదిగించకండి. గుడ్డు పెట్టడం మొదలైన పెట్టనే కొనండి, అప్పుడు సందేహమే ఉండదు. పిల్లల్నే కొనాల్సి వస్తే, పుంజు తేలితే వెనక్కి తీసుకుంటారా అని డబ్బివ్వకముందే అడగండి. ఆ పుంజును ఏం చేస్తారో కూడా అడగండి, జవాబు నచ్చకపోతే కొనకండి. ఇంట్లో పుంజు తేలితే కోసుకు తినండి, లేదా పెంచండి. రెండూ నిజాయితీ గల పనులే. పార్కులో వదలడం ఒక్కటే పిరికి పని. పార్కులో కోళ్లకు మేత వేయకండి, పిల్లల చేత వేయించకండి. కూత ఇబ్బంది పెడితే ఫోన్ తీసేముందు తలుపు తట్టండి. మన సంఘాలు సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టినట్టే, కొన్న కోడికీ కుక్కకూ చివరిదాకా బాధ్యత ఎవరిదన్న మాట కూడా ఒకసారి పెద్దగా మాట్లాడాలి. పుంజుపిల్లల్ని చంపకుండా వచ్చిన గుడ్లు ఎప్పుడు తెస్తారని దుకాణంలో అడగండి. పదిమంది అడిగితే పట్టించుకోరు, పదివేలమంది అడిగితే తెస్తారు.

మనలో పెట్ట కావాలన్న ప్రతి ఒక్కరూ పుంజు పుట్టుకకు కారణమే. దాని బతుక్కు పూచీ పడలేని ఇంటికి పెట్టనూ తెచ్చుకునే హక్కు లేదు.